రాయపూర్ మీదుగా

ఇది నేను ఇంతకుముందే రాయవలసింది. రాయలేకపోవడానికి మొదటి కారణం చిన్నదే. నాకు అక్షరాలు రావు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టాను, అక్కడే ఒక షెడ్డు ఫిట్టరుకు పెళ్ళామయ్యాను, అక్కడే ఇద్దరు పిల్లల్ని కన్నాను. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, రెండూ గలగలా మాట్లాడేదాన్ని. ఏ భాషలోనూ నా పేరు రాసుకోవడం తెలియదు. యాభై ఎనిమిదో ఏట, మా తెలుగువాళ్ళ సంఘం హాల్లో ఒక రిటైరైన టీచరమ్మ మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకు తెలుగు చెబుతోందని విని, కూరల సంచీతోనే వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాను. చదవడానికి ఏడాది, రాయడానికి ఇంకో ఏడాది పట్టింది. ఇప్పటికీ తప్పులు పోతాయి. ఇందులో టీచరమ్మ దిద్దినవి చాలా ఉన్నాయి.

రెండో కారణం చిన్నది కాదు. అక్షరాలు వచ్చాక వాటితో నేను చేసిన మొదటి పని, ఆటో ఎక్కి వెళ్ళి ఒక ముసలిదాన్ని నొప్పించడం. ఆమె గురించి రాయాలంటే అది కూడా రాయాలి. అందుకని రెండేళ్ళు నోట్‌బుక్కు తెరుస్తూ మూస్తూ గడిపాను. ఈ వానాకాలంలో ఆమె పోయింది. ఇంక మూసి ఉంచడానికి నాకు ఓపిక లేదు.

కాలనీలో అందరూ ఆమెను అప్ప అనేవారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన మా ఇళ్ళలో పెద్దక్కను అలా పిలుస్తాం. నాకు చుట్టమేమీ కాదు. పక్క క్వార్టరు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. పొట్టి మనిషి, కుడి భుజం కొంచెం కిందికి దిగి ఉండేది. అన్నం నిలబడే తినేది. కూర్చుంటే నిద్ర వచ్చేస్తుందట. అది నిజమే, ఎక్కడ కూర్చున్నా రెండు నిమిషాల్లో కునుకు. పెళ్ళి పందిట్లో కునుకు, రేషన్ దుకాణం అరుగు మీద కునుకు. లేపితే సిగ్గుపడేది కాదు. "అలిసిపోనానే" అనేది, అంతే. ఆ మాట ఆమె నోట ఎన్నిసార్లు విన్నానో. ఏ కబురు చెప్పినా, మంచిదైనా చెడ్డదైనా, ముందు రెండు చేతులూ పైకెత్తి జుట్టు ముడి విప్పేది. మళ్ళీ గట్టిగా చుట్టుకుని, అప్పుడు "ఊఁ, సెప్పు" అనేది.

దేవుడిని దేవుడు అనేది కాదు. అతగాడు అనేది. సింహాచలం అప్పన్న వాళ్ళ ఇంటి దేవుడు, మాకూ ఆయనే. అప్ప పొద్దున దీపం పెట్టేది కాదు. చీకటి పడే వేళ విశాఖపట్నం వెళ్ళే బండి మా స్టేషన్లో కదిలి, క్వార్టర్ల వెనక నుంచి పోతుంది. అది పోతున్నప్పుడు పెట్టేది. పెరటి తలుపు తీసి, బండి వెళ్ళిన దిక్కుకు తిరిగి, ఆఖరి పెట్టె ఎర్రదీపం కనపడకుండా పోయేదాకా చేతులు జోడించి నిలబడేది. వాళ్ళ అత్త నేర్పిందట. మన కొండకెల్లే బండి వెనకాల దండం పెడితే అది అప్పన్నకు అందుతుందని.

బండి ఆలస్యమైతే దీపమూ ఆలస్యమే. ఆ వరసలో ఉన్న ఆడవాళ్ళకు ఇదొక ఆట.

"అప్పా, ఇయ్యాల నీ అప్పన్న గంటన్నర లేటంట!"

"అవనీయే. అతగాడు ఆలీసమైనా ఎల్తాడు. మీ మొగుళ్ళు డ్యూటీ దిగి బేగి ఇంటికొస్తన్నారేటి?"

ఒకసారి ఎక్కడో పట్టాలు కొట్టుకుపోయి బండి రద్దయింది. మరి దీపమో అని అడిగాను. "ఇయ్యాల అతగాడికి సెలవు. నాకూ సెలవే" అని చాప పరుచుకుంది. మర్నాడు రెండు దండాలు పెట్టింది. ఒకటి నిన్నటిదట.

ఆమె మొగుడు గ్యాంగుమన్. పట్టాల మీద పని. ఒక మంచు పొద్దున డ్యూటీలోనే పోయాడు. మైలలో దీపం ముట్టకూడదని అందరూ చెబితే ముట్టలేదు. కాని సాయంత్రం బండి కదిలేసరికి పెరటి గుమ్మంలో నిలబడే ఉంది. "దీపానికుంది గాని, దండానికేటి మైల?" అంది. అప్పుడు నాకు పాతికేళ్ళు కూడా లేవు. ఆమెను చూసి భయం వేసింది.

ఒక్కడే కొడుకు. తండ్రి ఉద్యోగం వాడికిచ్చారు. పెళ్ళయింది, ఆడపిల్ల పుట్టింది. ఆ తరువాత వాడికి మూత్రపిండాలు పాడయ్యాయి. అప్ప ఆసుపత్రి వరండాలోనే ఉండేది. గోడకానుకుని కునుకు, లేవడం, నీళ్ళు పట్టుకోవడం, మళ్ళీ కునుకు. అక్కడే మొక్కుకుంది. నేను పక్కనే ఉన్నాను. "నా గుంటడు నడిసి ఇంటికొస్తే నా తల నీకు. ఇంటన్నావా?" అని పక్కింటాయనతో మాట్లాడినట్టు పైకి చూసి చెప్పింది.

కొడుకు నడిచి రాలేదు.

నెల దాటాక అప్ప రెండు రోజులు కనపడలేదు. మూడో రోజు పొద్దున కుళాయి దగ్గరికి బిందె పట్టుకుని వచ్చింది. గుండు. మేమంతా నీళ్ళు పట్టడం ఆపేశాం. రైల్వే విధవరాళ్ళకిచ్చే పాసు అడిగినప్పుడల్లా దొరికేది కాదు. ఆ పాసు ఆమె చెల్లెలి కూతురి పెళ్ళికని దాచుకుంది. దాని మీద ఒంటరిగా సింహాచలం వెళ్ళి తలనీలాలు ఇచ్చి వచ్చింది.

నేనే అడిగాను. "అప్పా, ఏటిది? నీ మొక్కు తీరనేదు గదా?"

చేతులు అలవాటుగా పైకి లేచాయి. అక్కడ ముడి లేదు. ఉత్త తలను ఒకసారి తడుముకుని చేతులు దించుకుంది.

"అతగాడు తీర్చనేదు. నాను తీర్చీసినాను."

"అతగాడు మాట నిలబెట్టుకోనప్పుడు నువ్వేల నిలబెట్టుకోవాల?"

"ఇద్దరం మాట తప్పితే ఎలగే? ఒకలైనా ఉండాల గదా మాట మీద." బిందె ముందుకు తోసింది. "జరుగు. నీల్లు పోతన్నాయి."

ఆ మాట నేను ఎంతమందికి చెప్పానో. దయాల్‌బంద్‌లో మా ఆడపడుచుకు చెప్పాను, బజారులో చెప్పాను. మా అప్ప ఎలాంటి మనిషో చూడండి అని గొప్పగా చెప్పాను. ఇతరుల కష్టంలో ఇలాంటి మాటలు ఎంత బాగుంటాయో!

తరువాత నా వంతు వచ్చింది.

తొమ్మిదేళ్ళయింది. మా అమ్మాయికి ఇరవయ్యారేళ్ళు. ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. జ్వరం వచ్చింది. మందులు వేసుకుంది. నాలుగో రోజుకు కళ్ళు తెరవలేదు. ఆ నాలుగో రోజు, చూడటానికి వచ్చిన అప్ప వింటుండగానే, నేనూ మొక్కుకున్నాను. నా బిడ్డ లేస్తే, ఇద్దరం కలిసి వచ్చి సింహాచలం కొండ మెట్లు కింద నుంచి పైదాకా కడిగి, ఒక్కో మెట్టుకూ పసుపు రాసి బొట్టు పెడతామని. మా వాళ్ళు చేసే మొక్కే అది. నడుము విరుగుతుంది. ఇద్దరమైతే ఒకరు పసుపు, ఒకరు కుంకుమ అని కూడా అనుకున్నాను. అంత వివరంగా అనుకున్నాను.

అయిదో రోజు మా అమ్మాయి లేదు.

ఇంటికి వచ్చి అప్పన్న పటం గోడ మీంచి తీసి అటక మీదకు విసిరాను. అద్దం పగిలిన చప్పుడు విని మా ఆయన గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ తరువాత ఆయనా రెండేళ్ళే ఉన్నాడు. మా ఇంట్లో దేవుడి మాట పోయింది. దానితో పాటు అమ్మాయి మాట కూడా పోయింది. పేరెత్తితే నేను ఏమైపోతానో అని మా అబ్బాయి ఎత్తడు. వాడేమైపోతాడో అని నేను ఎత్తను. అలా తొమ్మిదేళ్ళు ఆ పేరు మా ఇంట్లో ఎవరూ పలకలేదు.

అప్పటికి అప్ప క్వార్టరు ఖాళీ చేసి చాలా కాలమైంది. కోడలిని తనే నచ్చజెప్పి మళ్ళీ పెళ్ళి చేసి దుర్గ్ పంపించింది. మనవరాలూ తల్లితో వెళ్ళింది. తను ఊరి అవతల తిఫ్రాలో లారీ షెడ్ల వెనక ఒక గది అద్దెకు తీసుకుంది. అక్కడి నుంచి మా ఇంటికి రెండు ఆటోలు మారాలి. మా అమ్మాయి పోయాక నెల రోజులు వస్తూనే ఉంది. వచ్చి గోడకానుకుని కూర్చునేది. కునికిపాట్లు పడేది. లేచి అన్నం వార్చేది. ఆమె ఓదార్పు అంతే. అంతకంటే ఏదైనా చెప్పి ఉంటే నేను కొట్టేదాన్నేమో.

ఏమీ చెప్పకపోయినా నేను ఊరుకోలేదు. ఒక రోజు అడిగేశాను.

"నన్ను కూడా కొండకెల్లి మెట్లు కడగమంటావేటి?"

"నానేటీ అననేదే."

"అనవు గాని నీ మనసులో అదే ఉంది. కొడుకుని లాక్కున్నోడికి జుట్టిచ్చి ఒచ్చినావు. నీకు సిగ్గు నేదు అప్పా. నాకుంది."

జుట్టు అప్పటికి మళ్ళీ పెరిగింది, తెల్లగా. ముడి విప్పింది, చుట్టుకుంది. తరువాత, "గంజి సల్లారిపోతాది. తాగు" అంది. మర్నాడు మళ్ళీ రెండు ఆటోలు మారి వచ్చింది, వెల్లుల్లి చారు కాచి తెచ్చింది. నేను క్షమాపణ చెప్పలేదు. ఆమె నా మొక్కు సంగతి ఆ రోజే కాదు, చివరిదాకా ఎత్తలేదు.

ఎత్తకపోవడమే నాకు బరువైంది. ఆమె వచ్చి కూర్చుంటే, నా మొక్కు కూడా వచ్చి పక్కన కూర్చున్నట్టుండేది. ఆమె ఎక్కడో ఒకచోట తప్పయి ఉండాలని నాకు కోరిక పుట్టింది. అంత నష్టపోయిన మనిషి అంత నిబ్బరంగా ఉండటం వెనక ఏదో తెలివితక్కువతనం ఉండి ఉండాలి. అది నాకు దొరకాలి.

దొరికింది. సంఘం హాల్లో గోడ మీద తెలుగులో పేర్లున్న దేశపటం ఉంది. చదవడం వచ్చిన కొత్తలో టీచరమ్మ ఒక్కొక్కరినీ లేపి తమ తమ ఊళ్ళు వెతకమంది. నేను బిలాస్‌పూర్ కూడబలుక్కుని చదివాను. తరువాత విశాఖపట్నం వెతికాను. అది నేననుకున్న చోట లేదు.

"అమ్మా, ఇందులో పొద్దు పొడిచే వైపు ఏది?" అని అడిగాను. టీచరమ్మ కుడిచేతి వైపు చూపించింది.

బిలాస్‌పూర్ పైన ఉంది. విశాఖపట్నం దానికి తిన్నగా కింద, ఇంకా చెప్పాలంటే కాస్త పొద్దు పొడిచే వైపుకు ఉంది. కాని మా క్వార్టర్ల వెనక నుంచి ఆ బండి వెళ్ళేది పొద్దు కుంకే వైపు. అప్ప యాభై ఏళ్ళుగా దండం పెట్టింది ఆ వైపుకే. అటు అప్పన్న లేడు.

నాకు కలిగింది ఆశ్చర్యం కాదు. సంతోషం. ఇది రాయడానికే నాకు ఇన్నాళ్ళు పట్టింది. ఆ పటం నోట్‌బుక్కులో పెన్సిలుతో గీసుకుని, రెండు ఊళ్ళ పేర్లు నా చేత్తో రాసి, మర్నాడు సాయంత్రం తిఫ్రా వెళ్ళాను.

ఆమె గది ముందు ఎవరో లారీ తొట్టికి వెల్డింగు చేస్తున్నారు. అక్కడి నుంచి పట్టాలు కనపడవు. ఇంటివాళ్ళ కోడలు, ఛత్తీస్‌గఢీ పిల్ల, రోజూ సాయంత్రం ఫోనులో బండి ఎక్కడుందో చూసి చెబుతుందట. నేను వెళ్ళేసరికి ఆ పిల్ల గుమ్మంలోంచి కేక వేస్తోంది. "దాయీ, గాడీ ఛూట్ గే!" అవ్వా, బండి వెళ్ళిపోయింది అని. అప్ప దీపం వెలిగించి, హారను వినపడ్డ వైపుకు తిరిగి చేతులు జోడించింది. అయ్యేదాకా ఆగాను. ఆ మర్యాద మాత్రం చేశాను.

"అప్పా, నువ్వు దండం ఎట్టేది ఏ దిక్కుకి?"

"బండెల్లే దిక్కుకి. తెల్దేటి నీకు?"

"అప్పన్న అటు నేడు." నోట్‌బుక్కు ఆమె ఒళ్ళో పెట్టి వేలితో చూపించాను. "సూడు. ఇది మనం. ఇదిగో, ఇది ఇశాపట్నం."

ఆమె వంగి చూసింది. అక్షరాలు ఆమెకూ రావు. "ఇంతేనేటి దూరం? బెత్తెడు నేదు. రేత్రంతా కూకుంటాం గదే బండిలో!"

"నవ్వకు అప్పా. ఇది పొద్దు కుంకీ దిక్కు. ఇటు రాయపూరుంది, దాటితే నాగపూరుంది. కొండ ఇటు కాదు, కిందకి. యాభై ఏళ్ళబట్టి నువ్వు దండాలెడతంది ఎవలూ నేని దిక్కుకి."

వెల్డింగు చప్పుడు ఆగింది. ఆమె రెండు చేతులూ పైకెత్తి ముడి విప్పింది. ఈసారి వెంటనే చుట్టుకోలేదు. ఆ పల్చటి తెల్లజుట్టు భుజాల మీద వదిలేసి ఆ కాగితం వైపే చూస్తూ కూర్చుంది. ఆ ముఖంలో ఏదో జారిపోవడం నేను చూశాను. నేను వచ్చింది దానికే. చూశాక నాకేమీ చల్లబడలేదు.

"మరి మన బండి అటేల ఎల్తాది?" అని అడిగింది చివరికి.

"లైను అలగేసినారు. రాయపూర్ దాకా అటెల్లి, అక్కడ తిరిగి, కిందకి దిగుతాది."

"తిరుగుతాదా?"

"తిరుగుతాది."

"అచ్ఛా..." ముడి చుట్టుకుంది. "అయితే ఇంకేటే! నా దండం ఎల్లీది ఆ బండిలోనే గదా. అదీ రాయపూర్లో తిరుగుతాది. పొలాల్లో అడ్డంపడి నడిసి ఎల్తాదనుకున్నావేటి?"

నవ్వింది. ముందు చిన్నగా, తరువాత దగ్గు వచ్చేదాకా నవ్వింది. ఇంటివాళ్ళ కోడలు ఏమైందోనని తొంగిచూసింది. "మా గుంటకి సదువొచ్చీసింది, అది సూసి నవ్వతన్నాను" అని ఆ పిల్లకు తెలుగులోనే చెప్పింది. అరవై ఏళ్ళ గుంటను నేను. తల ఎత్తలేకపోయాను.

నవ్వు ఆగాక గోడకు ఆనుకుంది. నిద్రపోతుందనుకున్నాను. పోలేదు. నేనే అడిగాను, ఈసారి గెలవడానికి కాదు.

"అప్పా, ఒక్కపాలైనా అతగాడు జవాబిచ్చినాడేటి?"

"నేదు."

"ఒక్కపాలి కూడా?"

"నేదే. మొగుడు పోనప్పుడు అడిగినాను, గుంటడు పోనప్పుడు అడిగినాను. ఏటీ అననేదు."

"మరేల?"

"అలిసిపోనానే." ఎప్పటి మాటే. కాని ఆ రోజు దాని తరువాత ఇంకా మాటలున్నాయి. "మానీసి సూసినాను. నీకు తెల్దు. గుంటడు పోయిన కాడ మూడు దినాలు గుమ్మంలోకి కూడా రానేదు నాను. మైలనుకున్నారు మీరంతా. మైల కాదు, కోపం. తలుపేసుకుని కూకున్నాను. బండి కూతేసింది, ఎల్లిపోనాది. మూడో దినం ఒక సంగతి గేపకమొచ్చింది. ఆడు సిన్నప్పుడు, దేవుడి ముందర ఎట్టిన బెల్లం ముక్క నాకీసి మళ్ళీ అక్కడే ఎట్టీసీవోడు. తడితడిగా ఉండీది. నాను సూసీ సూడనట్టు ఉండీదాన్ని. అది గేపకమొచ్చి నవ్వొచ్చింది. ఎవలకి సెప్పను? మొగుడు నేడు. అత్త నేదు. ఆ ఎంగిలి బెల్లం సంగతి తెలిసింది నాకూ అతగాడికే. నా గుంటణ్ణి పుట్టినకాణ్ణించి ఎరిగినోడు ఇంక అతగాడొక్కడే మిగిలినాడే. అతగాడితో కూడా మాటలు మానీసుకుంటే, ఆడి మాట ఎవలతో ఆడను?"

ఆమె దీపం వత్తి కొంచెం ఎగదోసింది.

"అందతందో నేదో నాకు తెల్దు. తెలిసీ దారి నేదు. బండెక్కించీడం నా పని, ఎక్కించీసినాను." నా మోకాలి మీద చెయ్యి వేసింది. "నువ్వు తిట్టు. మొకం మీదే తిట్టు. మాట మానీకు."

ఆ నోట్‌బుక్కు తీసుకుని ఇంటికి వచ్చేశాను. ఆమె చెప్పింది నేను చేయలేదు. తిట్టలేదు, మాట్లాడలేదు. కొండకు వెళ్ళలేదు. తరువాత కూడా తిఫ్రా వెళ్ళేదాన్ని, నెలకోసారి. ఇద్దరం గోడకానుకుని కూర్చునేవాళ్ళం. ఈ మధ్య నాకు కూడా కునుకు పట్టేది. అంతకంటే గొప్పది ఏదీ జరగలేదు.

ఈ వానల్లో నా మోకాళ్ళ వాపు వల్ల నెలన్నర వెళ్ళలేకపోయాను. ఒక సాయంత్రం ఇంటివాళ్ళ కోడలు ఫోను చేసింది. దాయీ పోయి తొమ్మిది రోజులైంది, మీ నంబరు ఇప్పుడే దొరికింది అంది. మధ్యాహ్నం గోడకానుకుని కూర్చుందట. రోజూ లాగే నిద్రపోతోందనుకున్నారట. సాయంత్రం ఆ పిల్ల బండి వెళ్ళిందని చెబుదామని వచ్చి, రెండుసార్లు చెప్పిందట. దుర్గ్ నుంచి కోడలూ మనవరాలూ వచ్చి జరగాల్సింది జరిపించి వెళ్ళారు. తరువాత కూడా తను అలవాటుగా ఫోను చూసి ఆ గది గుమ్మం దాకా వెళ్ళి వస్తోందట. ఎవరికి చెప్పాలో తెలియడం లేదు ఆంటీ అని ఏడ్చింది.

నేను ఏడవలేదు. ఫోను పెట్టేసి కూర్చున్నాను. అప్ప కోసం బాధపడుతున్నానని అనుకుంటూ, నిజానికి ఇంకొకటి లెక్క చూసుకుంటున్నాను. మా అమ్మాయి పుట్టినప్పుడు నా కాళ్ళ దగ్గర లాంతరు పట్టుకుని నిలబడింది అప్ప. దాన్ని తొలిసారి ఎత్తుకున్న చేతులు నావి కావు, ఆమెవి. దానికి మాటలు ఆలస్యంగా వచ్చాయని, మూడేళ్ళు వచ్చినా 'ర' పలికేది కాదని, పిల్లి తాగేస్తుందని భయపడి పాలగిన్నె మీద కూర్చునేదని, ఇవన్నీ తెలిసినవాళ్ళు నేను, మా ఆయన, అప్ప. మా అబ్బాయి దానికంటే చిన్నవాడు, వాడికి తెలియవు. మా ఆయన లేడు. ఇప్పుడు అప్ప లేదు. నా పిల్లను మొదటి నుంచీ ఎరిగినవాళ్ళు ఇంకెవరున్నారని వెతుక్కుంటే, నేను తొమ్మిదేళ్ళుగా మాట్లాడని ఆయన ఒక్కడే మిగిలాడు.

ఆయనతో నాకు రాజీ కుదరలేదు. ఇది చదివేవాళ్ళు అలా అనుకోవద్దు. నా బిడ్డను ఎందుకు లేపలేదో ఆయన చెప్పలేదు, చెబుతాడని కూడా నేననుకోవడం లేదు. నాకు కోపం ఉంది. కోపం కంటే అలసట ఎక్కువ ఉంది. ఇంత అలసటలో ఆ పిల్ల గురించి మాట్లాడుకోవడానికి ఒక్కరైనా కావాలి.

మర్నాడు పొద్దున అబ్బాయి డ్యూటీకి వెళ్ళాక స్టేషన్ రిజర్వేషన్ ఆఫీసుకు వెళ్ళాను. ఫారం హిందీలో, ఇంగ్లీషులో ఉంది. ఎక్కడ ఏం రాయాలో పక్కనున్నావిడను అడిగి తెలుసుకుని, తెలుగులోనే నింపాను. సింహాచలం అని రాశాను. కింద నా పేరు, అరవై రెండేళ్ళు అని రాశాను. మొక్కుకున్నప్పుడు ఇద్దరం వస్తామన్నాను. అందుకని రెండో గీత మీద మా అమ్మాయి పేరు రాశాను. వెర్రిపని అని తెలుసు. ఆ పేరు నా చేత్తో రాయడం అదే మొదలు.

కౌంటరులో ముప్పై అయిదేళ్ళ అమ్మాయి ఉంది. ఫారం అటూ ఇటూ తిప్పింది.

"ఆంటీ, యే తెలుగు హై క్యా?"

"అవునమ్మా. హిందీ రాయడం రాదు."

"మేమూ తెలుగోళ్ళమే ఆంటీ. మాటాడతాను గాని, పఢ్‌నా థోడా..." అని నవ్వి, వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివింది. ముందు ఊరు. తరువాత నా పేరు. వేలు కిందికి దింపి రెండో పేరు చదివింది. మొదటి అక్షరం, తరువాతిది, తరువాతిది. తప్పు చదివానేమోనని మొత్తం కలిపి ఇంకోసారి గట్టిగా పలికింది. నేను కౌంటరు అంచు పట్టుకుని నిలబడ్డాను.

"దో టికెట్? వీళ్ళ ఉమర్... వయసు రాయనేదు ఆంటీ."

"ఒకటే ఇయ్యమ్మా. నాకొక్కదానికే."

"మరి ఈ పేరేటి?"

"మా అమ్మాయి."

ఆమె ఒక క్షణం నా ముఖంలోకి చూసింది. సరే అన్నట్టు తల ఊపి, ఆ గీత కొట్టేయడానికి కలం తీసింది.

"కొట్టకమ్మా" అన్నాను. "అలా ఉండనీ."

ఆమె కలం పక్కన పెట్టింది. టికెట్టు ఒకటే ఇచ్చింది.